ఇనుమొకటి, మనిషొకటి

తాడు తెగలేదు. ముడి విడలేదు. తాడు పై కొసన ఉన్న ఇనప ఉంగరం వంగనైనా లేదు. పోయింది మనిషి ఒక్కడే.

శవం తేనెబండ కింద బోర్లా పడి ఉంది. చేతి గడియారం ఒంటిగంటా నలభైకి ఆగిపోయింది. బుధవారం సాయంత్రం మేకలు తోలుకొచ్చేవాళ్ళు చూసి కేకలు పెట్టారు.

1986 ఫిబ్రవరి నెలాఖరు. బొల్లాపల్లికి పడమరగా, బస్సు దిగి రెండు గంటలు నడిస్తే గాని రాని చోటు అది. పైకి పోయేకొద్దీ ముందుకు తోసుకొచ్చి, నెత్తిమీద పడబోతున్నట్టు నిలబడిన కొండచరియే తేనెబండ. దాని నడుమ కింది నుంచి పైదాకా ఒకటే నెర్రె. చెయ్యి దూరేంత సందు. గబ్బిలాలూ తేనెటీగలూ తప్ప ఇంకెవరూ ఆ దారిన పైకి పోలేదు. పోవాలని ఇంకెవరికీ బుద్ధి పుట్టలేదు కూడా.

పుల్లారావుకి పుట్టింది.

నరసరావుపేటలో లెక్కల లెక్చరర్. ఎన్.సి.సి. తరఫున హిమాలయాలకి పోయి కొండలెక్కడం నేర్చుకొచ్చాడు. అక్కడి మంచుకొండలన్నీ వదిలేసి ఈ ఎండుకొండ మీద మనసు పడ్డాడు. రెండు చలికాలాలుగా సెలవు దొరికితే ఇక్కడే. నెర్రెలో వదులుగా ఉన్న రాళ్ళన్నీ ఏరేశాడు. పైనుంచి తాడు మీద దిగుతూ, గాలిలో వేలాడుతూ, సమ్మెటతో రాతికి చిల్లులు కొట్టాడు. నెర్రెలో ఇనప చీల దిగే చోట చిల్లు పెట్టడు. దిగని చోటే పెడతాడు. రాయికి ఊరికే గాయం చెయ్యకూడదని అతని పట్టుదల. ఆ చిల్లులో ఉంగరం కాడ దించి, చుట్టూ కరిగించిన సీసం పోయిస్తాడు. ఈ ప్రాంతంలో రాతి స్తంభాలకి గేట్లు బిగించే పద్ధతి అదే. ఎక్కేవాడి చెయ్యి జారితే ఆ ఉంగరమే వాడి ఆయుష్షు.

ఆదివారం హైదరాబాదు నుంచి కొండలెక్కే కుర్రాళ్ళు వస్తున్నారు. దారి తెరుచుకునే రోజు. అంతలో బండ అంచున తాడు కట్టే పెద్ద ఉంగరమే ఊడి, పుల్లారావుతో పాటు కిందికొచ్చింది.

ఉంగరాలు చేసి సీసం పోసినవాడు నరసరావుపేట లేత్ మెకానిక్ హబీబ్. మర్నాటికల్లా హబీబ్ లాకప్పులో ఉన్నాడు.

సి.ఐ. గోపాలకృష్ణయ్య శుక్రవారం పొద్దున జీపు దిగాడు. స్టేషన్ మెట్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ఒళ్ళో టిఫిన్ క్యారియర్. హబీబ్ తల్లి హజ్రా బీ. ఆమె ఏడవలేదు. కాళ్ళు పట్టుకోలేదు.

"పేటలో సగం గేట్లు నా కొడుకు బిగించినయ్యే సార్. ఒక్కటన్నా ఊగుతుందేమో చూసి రాండి," అంది.

గోపాలకృష్ణయ్య లోపలికి వెళ్ళి హబీబ్‌ని బయటికి పిలిపించాడు.

"సీసం ఎంత పోశావ్?"

"చిల్లు నిండా సార్."

"కల్తీ సీసమా?"

"కాదు సార్."

"గట్టిగా ఉందో లేదో చూశావా?"

"లారీ ఇంజన్ లేపే చైన్ పుల్లీ ఏసి లాగాం సార్. పుల్లారావు సారే లాగించాడు. కదల్లా."

"మరెట్లా ఊడింది?"

హబీబ్ బల్ల మీద ఉన్న ఉంగరం వంక చూశాడు. తన చేతుల వంక చూసుకున్నాడు. "అదే నాకు అర్థం కావట్లా సార్," అన్నాడు.

నిర్లక్ష్యంతో ప్రాణం తీశాడని కేసు. రుజువైతే జైలు. రుజువు కాకపోయినా, హబీబ్ బిగించిన ఇనుము ఊడుతుందని ఒక్కసారి పేరొచ్చిందంటే ఇక ఆ షాపు గడప తొక్కేవాడుండడు. హబీబ్‌కి రెండూ తెలుసు. తల్లికి ఇంకా బాగా తెలుసు.

బల్ల మీద ఉంగరం చుట్టూ చీమలు బారు కట్టాయి. పక్కనే టీ గ్లాసుంది. దాన్ని వదిలేసి అవి ఉంగరం కాడ మీదే పాకుతున్నాయి. గోపాలకృష్ణయ్య చూశాడు. చూసి, చీమల్ని విదిలించి, ఉంగరాన్ని డ్రాయర్లో పడేశాడు. ఎంతటి తెలివైనవాడికైనా ఒక్కోసారి ముక్కు కిందున్నది కనపడదు.

ఫిర్యాదు ఇచ్చింది పుల్లారావు అన్న వీరయ్య. మండల రాజకీయాల్లో తిరిగే మనిషి. ఆ కొండ మీద కంకర క్వారీ పెట్టాలని అతనికి ఎప్పటినుంచో ఆశ. తమ్ముడు అడ్డం పడ్డాడు. ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. తమ్ముడు పోతే అడ్డు తొలిగేది వీరయ్యకి. పోలీసు బుర్ర ఇలాంటి చోట ఆగకుండా ముందుకు పోదు. కాని బుధవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వీరయ్య గురజాల కోర్టులో ఉన్నాడు. చూసినవాళ్ళు బోలెడుమంది.

మధ్యాహ్నం పుల్లారావు భార్య పార్వతమ్మ స్టేషన్‌కి వచ్చింది. కర్మ కాకుండా గడప దాటకూడదని బంధువులు అడ్డుపడ్డారట. ఆమె వినలేదు. వచ్చింది హబీబ్ కోసం.

"అతను తప్పు చేసుండడు," అంది. "మా ఆయన ఒకరి పని గుడ్డిగా నమ్మే మనిషి కాదు. ఇనుమొకటి, మనిషొకటి అనేవాడెప్పుడూ. ఉంగరం ఎంత గట్టిదైనా, పైన రెండో తాడు పట్టుకునే మనిషి లేకుండా దిగడు."

"మరి ఆ రోజు?"

"కుర్రాళ్ళొచ్చేలోపు ఉంగరాలన్నీ ఒకసారి చూసొస్తానని పోయాడు. కబురు పంపే టైం లేదన్నాడు. అంకయ్య ఉంటాడుగా, మూడు కూతలేస్తే వస్తాడన్నాడు."

అంకయ్య కొండకింది గూడెంలో తేనె తీసేవాడు. వాళ్ళకో కట్టడి ఉంది. తేనెకి బండ మీంచి దిగేవాడి తాడు అన్నదమ్ముల చేతికివ్వరు. పెళ్ళాం తోడబుట్టినవాడి చేతికే ఇస్తారు. అన్నదమ్ముడైతే తాడు పట్టుకున్నప్పుడు పంపకాలు గుర్తొస్తాయి, బావమరిదైతే చెల్లెలి తాళి గుర్తొస్తుంది అంటారు. పుల్లారావుకి ఈ మాట తెగ నచ్చింది. చిక్కేమిటంటే పార్వతమ్మకి తోడబుట్టినవాళ్ళు లేరు. మొదటి ఏడే ఆమె గూడేనికి వెళ్ళి, అంకయ్యకి కొత్త పంచె పెట్టి, ఈ రోజు నుంచి నువ్వు నాకు అన్నవి అంది. వరస కలిసింది. అప్పటినుంచి పుల్లారావు కొండ మీద నిలబడి "బావా" అని మూడు కూతలేస్తే అంకయ్య ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేవాడు.

శనివారం గోపాలకృష్ణయ్య తేనెబండకి బయల్దేరాడు. వెంట హెడ్ కానిస్టేబుల్ అబ్దుల్ హమీద్. గురువారం బండ పైకెక్కి చూసి వచ్చినవాడు హమీదే. ఉంగరం ఊడిన చిల్లు ఖాళీగా ఉందనీ, పుల్లారావు సామాన్ల సంచి బరువుగా ఉంటే అక్కడే ఉంచి వచ్చాననీ చెప్పాడు.

గూడెంలో ఒక్క పొయ్యి మీద కూడా పొగ లేదు. జనం మొహమొహాలు చూసుకున్నారు. చివరికి మహాలక్ష్మమ్మ అనే పెద్దామె చెప్పింది.

"నిన్నా మొన్నా పొద్దుగూకే యేళకి బండ మీద సమ్మెట దెబ్బలు ఇనపడ్డయ్యయ్యా. ఠంగు, ఠంగు మని. ఆ సారు కొట్టినట్టే. పని అయిపోందే ఆయన పోడు."

హమీద్ నోట్లోనే దువా చదువుకున్నాడు. గోపాలకృష్ణయ్యకి దయ్యాల మీద నమ్మకం లేదు. ఆయన భయం వేరు. గడియారానికి కీ ఇవ్వడానికి కుర్చీ ఎక్కినా కళ్ళు తిరుగుతాయి. ఆ సంగతి ఇంట్లో భార్యకి తప్ప డిపార్టుమెంటులో ఎవరికీ తెలియదు.

అంకయ్య గుడిసె ముందు కూర్చుని ఉన్నాడు. కళ్ళు లోపలికి పోయాయి. తిండి ముట్టుకోవడం లేదని మహాలక్ష్మమ్మ చెప్పింది.

"బుధవారం ఎక్కడున్నావు?"

"చేలో. పందులు పడతన్నయ్. కావలికి పోయినా."

"పుల్లారావు నిన్ను పిలిచాడా?"

అంకయ్య కొండ వైపు చూశాడు. "పిలవలా," అన్నాడు.

వెనక దారిన, చెట్లలోంచి బండ మీదికి ఎక్కారు. పైన కనుచూపు మేర బోడి రాయి. తాడు కట్టడానికి ఒక్క చెట్టు లేదు. చివరి నాలుగు బారలూ గోపాలకృష్ణయ్య చేతులూ మోకాళ్ళ మీద పాకాడు. హమీద్ మర్యాదకి పక్కకి తిరిగాడు. అంతలో అతని గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది.

చిల్లు ఖాళీగా లేదు. దాంట్లో ఉంగరం ఉంది.

కొత్త ఉంగరం. చుట్టూ తెల్లగా మెరుస్తున్న కొత్త సీసం. దాని మీద సమ్మెట దెబ్బల గుర్తులు. లోయలోంచి గాలి వీస్తోంది. కింద ఎక్కడో గబ్బిలాలు కీచుమంటున్నాయి. ఊడిపోయిన ఉంగరమేమో అక్కడ స్టేషన్ డ్రాయర్లో ఉంది.

"అల్లా సాక్షి సార్," అన్నాడు హమీద్. "మొన్న నా వేలు పెట్టి చూశా. ఖాళీ చిల్లు."

గోపాలకృష్ణయ్య వీపు మీద చెమట చల్లబడింది. ఆ క్షణంలో ఆయన కూడా నమ్మాడు. నమ్మలేదని తర్వాత ఎన్నిసార్లు చెప్పినా, నమ్మాడు. చచ్చిన మనిషి వచ్చి, తను పడిపోయిన చోటే ఉంగరం బిగించి, రేపు వచ్చేవాళ్ళ కోసం దారి సిద్ధం చేసి పోయాడు.

ఆయన కళ్ళు మూసుకుని, తెరిచి, సంచి విప్పాడు. అదనంగా తెచ్చుకున్న ఉంగరాలు ఇంకో రెండు ఉన్నాయి. సమ్మెట ఉంది. సీసం కరిగించే ఇనప గరిటె ఉంది. కిరసనాయిలు స్టవ్ ఉంది. గరిటె అడుగున కొత్త మసి. దయ్యానికి స్టవ్ ఎందుకు?

ఆయన బోర్లా పడుకుని ఉంగరం దగ్గరికి ముఖం పెట్టాడు. జేబుకత్తితో సీసం అంచు గీకాడు. ఒకచోట సీసం సరిగ్గా కరగలేదు. సగం కరిగిన గుండ్రటి గింజలు రెండు అంచులో అతుక్కుని ఉన్నాయి. మిరియాల కంటే కాస్త పెద్దవి. ఆయన వాటిని చాలాసేపు చూశాడు. కళ్ళు తిరగడం కూడా మర్చిపోయాడు.

సాయంత్రం స్టేషన్‌లో డ్రాయర్ లాగాడు. మూసిన డ్రాయర్లోకి కూడా చీమలు వచ్చాయి. ఈసారి వాటిని విదిలించలేదు. ఉంగరం తీసుకెళ్ళి టీ కాచే పొయ్యి సెగకి పట్టాడు. కాడ గాట్లలో ఉన్న బూడిదరంగు ముద్ద మెత్తబడింది. జారింది. బొట్టుగా కింద పడింది.

గది నిండా తేనె వాసన వచ్చింది.

ఆదివారం. హైదరాబాదు కుర్రాళ్ళకి రావొద్దని తంతి వెళ్ళింది. దారి తెరుచుకోవలసిన రోజున బండ మీద నిలబడినవాళ్ళు వేరు. పార్వతమ్మ, వీరయ్య, బేడీలతో హబీబ్, హమీద్, వెనగ్గా అంకయ్య. హజ్రా బీ కొండ ఎక్కలేక కిందే ఆగిపోయింది.

గోపాలకృష్ణయ్య ఒక తాడు ఉంగరానికి కట్టించాడు. దాని రెండో కొస తన నడుముకి కట్టుకున్నాడు. ఆయన పెదాలు తెల్లబడి ఉన్నాయి. ఇంకో తాడు తీసి అంకయ్య వైపు చాచాడు.

"నేను అంచు దాకా పోయి కిందికి చూడాలి. ఇనుము ఉంది. మనిషి కావాలి. నువ్వు పట్టుకో అంకయ్యా."

అంకయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "నా చేతికి ఇయ్యబాకండి," అన్నాడు.

"ఎందుకని?"

పార్వతమ్మ నెమ్మదిగా అతని వైపు తిరిగింది. "పట్టుకో అన్నా," అంది. "ఆయనకి పట్టావుగా."

అంకయ్య రాతి మీద కూలబడ్డాడు. గోపాలకృష్ణయ్య కూడా, ఇక అంచుకి పోయే పని తప్పినందుకు లోపల్లోపల దేవుడికి దణ్ణం పెట్టుకుని, అతని ఎదురుగా కూర్చున్నాడు.

కూర్చుని, అందరికీ వినపడేలా చెప్పాడు. ఊడిన ఉంగరం కాడకి సీసం ఆనవాలే లేదు. హబీబ్ పోసిన సీసాన్ని ఎవరో తొలిచి తీసేశారు. ఉంగరం ఊగకుండా రాతి పెచ్చులు దోపి, తేనెమైనంలో బూడిద కలిపి కూరారు. చూస్తే అచ్చం సీసమే. పొద్దున చల్లటి రాతిలో మైనం గట్టిగా ఉంటుంది. పుల్లారావు లాగి చూసే ఉంటాడు, కదిలి ఉండదు. తెల్లారగానే దిగి ఉంటే బతికేవాడేమో. ఒంటిగంటా నలభైకి ఈ బండ మీద చెయ్యి పెట్టలేం. మైనం మెత్తబడింది. చీమలు రెండు రోజులు తన కళ్ళ ముందే ఈ సంగతి చెబుతుంటే తనే వినలేదు.

"ఇక ఈ కొత్త సీసం. కరిగీ కరగని గుళ్ళు దీంట్లో ఉన్నాయి. నాటు తుపాకీ గుళ్ళు. సీసం పోశాక సమ్మెటతో కూరాలని హబీబ్ పోసేటప్పుడు పక్కనుండి చూసినవాడికే తెలుసు. తేనెమైనం ఇంట్లో ఉన్నవాడు, పందుల మీద కావలి కాసేవాడు, మొదటి సీసం పోసేటప్పుడు తాడు పట్టుకుని పక్కనున్నవాడు, ముగ్గురూ ఒక్కడే."

వీరయ్య పళ్ళు కొరుకుతూ ముందుకొచ్చాడు. హమీద్ అడ్డం నిలబడ్డాడు.

అంకయ్య ఎవరి వంకా చూడలేదు. రాతితోనే మాట్లాడుతున్నట్టు చెప్పాడు.

"చేను మొత్తం పందుల పాలైంది. గుళ్ళకి సీసం లేదు. సంతనాడు కొనుక్కొచ్చి మళ్ళీ పోద్దామనుకున్నా. మా తాతలు ఏనాడన్నా ఇనుముని నమ్మారా? తాడు పట్టేది నేనుగదా, ఉంగరం ఉంటే ఏంది లేకపోతే ఏంది అనుకున్నా. నేను లేకుండా బావ ఏనాడూ దిగలా."

గోపాలకృష్ణయ్య నిట్టూర్చాడు. "ఇనుముంది గదా అని ఆయన మనిషి కోసం ఆగలేదు. మనిషిని నేనున్నాను గదా అని నువ్వు ఇనుముని తీసేశావు," అన్నాడు.

గాలి ఒక్కసారి ఆగింది. పార్వతమ్మ అడిగింది.

"ఆయన పిలిచాడా?"

అంకయ్య రెండు అరచేతులూ రాతికి ఆనించాడు.

"పిలిచాడమ్మా. మూడు కూతలు."

"వినపడినయ్యా?"

"ఇనపడ్డయ్. చేలోనే ఉన్నా. చేతిలో తుపాకి, ఒళ్ళో ఆ సీసం గుళ్ళు. ఆ సీసం పెట్టుకుని ఆయన మొహం ఎట్టా చూసేది? నేను పోకపోతే దిగడులే, ఇంటికి పోతాడులే అనుకున్నా. కాసేపాగి కూతలు ఆగినయ్. పోయాడనుకున్నా."

పార్వతమ్మ ఏడవలేదు. ఆమె చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళి, కర్మ రోజున తీసెయ్యబోయే తాళి మీద ఆగిపోయింది.

"ఆ రోజు నుంచి పొద్దుగూకితే ఆ కూతే ఇనపడతంది," అన్నాడు అంకయ్య. "చెవులు మూసుకున్నా ఆగట్లా. పిలుస్తన్నాడు గదా అని పోయినా. ఉన్న గుళ్ళన్నీ కరిగించి పోసినా. ఒకనాడు చాలక రెండో నాడూ పోయినా. అయినా ఆగలా."

గోపాలకృష్ణయ్య సైగ చేశాడు. హమీద్ హబీబ్ చేతి బేడీలు విప్పి అంకయ్యకి వేశాడు. హబీబ్ మణికట్టు రుద్దుకుంటూ ఉంగరం దగ్గర వంగి చూశాడు. సీసం చల్లారిపోయాక పోశాడు, ఇది పట్టదు, పీకి మళ్ళీ పొయ్యాలి అన్నాడు. అక్కర్లేదు, ఈ కొండకి ఇక ఎవరొస్తారు అని వీరయ్య గొణిగాడు.

"వస్తారు," అంది పార్వతమ్మ. "నువ్వు పొయ్యి హబీబ్. ఆయన మొదలుపెట్టిన పని. నిలబడాలి."

ఆమె అంకయ్య పక్కనుంచి నడిచి వెళ్ళింది. ఆగలేదు. అన్నా అనలేదు.

హబీబ్‌కి సాయంగా హమీద్‌ని పైన ఉంచి మిగతావాళ్ళు కిందికి దిగారు. దిగేసరికి పొద్దు వాలింది. కొడుకుని వదిలేశారని చెబితే హజ్రా బీ రెండు చేతులూ ఆకాశానికెత్తింది. తర్వాత బేడీలతో కూర్చున్న అంకయ్యని చూసి, క్యారియర్ విప్పి, రొట్టె ముక్క అతని ముందు పెట్టింది. అతను ముట్టుకోలేదు.

పైన సమ్మెట దెబ్బలు మొదలయ్యాయి. ఠంగు. ఠంగు. హబీబ్ కొడుతున్నాడని అందరికీ తెలుసు. అయినా గూడెం వాళ్ళు ఒకరికొకరు దగ్గరగా జరిగారు.

దెబ్బలు ఆగాయి. పని అయిందని చెప్పడానికి కాబోలు, హమీద్ అంచున నిలబడి కేకేశాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి. నెర్రెలో పడి ఆ కేక మాట పోగొట్టుకుని, వట్టి గొంతుగా మిగిలి, కిందికి వచ్చింది.

గోపాలకృష్ణయ్య జవాబు చెప్పబోయాడు. ఈలోపే అంకయ్య లేచి నిలబడ్డాడు. బేడీలు గలగలలాడాయి. మొహం ఎత్తి, చీకటి పడుతున్న బండ వైపు ఒక అడుగు వేశాడు.

"వస్తన్నా బావా," అన్నాడు.